పాత కారు: ఇంజను నిలుకడయు, కమానుకట్టల మరమ్మతును

మన సంఘ సభ్యుల యిండ్లలో పాత కార్లు ఇంకను కొన్ని గలవు. వానిలో అంబాసిడరులే హెచ్చు. తరువాత మారుతీ 800లు. ఇంగ్లాండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాగా వంగదేశములోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు అంబాసిడరును తయారు చేసిరి. మారుతీ 800 1983లో ఆరంభమయ్యెను. ఈ రెంటి తయారీయు 2014లోనే నిలిచిపోయినది. అయినను మన పల్లెలలో వీని పని తీఱలేదు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలిని లంక గ్రామము నుండి తెనాలి ఆసుపత్రికి చేర్చుటకు గాని, దుగ్గిరాల పసుపు యార్డునకు పోయి ధర విచారించి వచ్చుటకు గాని ఇవియే దిక్కుగా నున్న గృహస్థులను నేనెఱుగుదును.

నేను గ్రామములకు పోయినపుడు పైరుల సంగతి ముగిసిన పిమ్మట సభ్యులు కారు సంగతి యెత్తుట కలదు. వారి ఫిర్యాదులు తఱచు రెండే. "గేటు దగ్గర ఆపగానే ఇంజను వణకి వణకి ఆగిపోవుచున్న దండీ" యనునది యొకటి. "గుంటలో పడినపుడెల్ల ముందు దబ్బుమని మ్రోగుచున్నది, కాలువకట్టపై బండి యొక ప్రక్కకు లాగుచున్నది" యనునది రెండవది. మొదటిది డబ్బు సంగతి యని, రెండవది సుఖము సంగతి యని వారు తలచుచున్నారు. రెండును ప్రాణముల సంగతులు కూడ కాగలవు. అది యెట్లో చెప్పెదను.

వరి పసుపెక్కగానే యూరియా బస్తా విప్పువారు మనలో గలరు. మురుగు తీయక వేళ్లు కుళ్లుచున్న చేనికి యూరియా యేమి మేలు చేయును? కారు విషయమునను ఇదే తప్పు జరుగుచున్నది. రోగము గుఱుతింపక మునుపే సామాను కొనుచున్నారు. ఇతరుల నననేల? నా పాత అంబాసిడరు ఆగిన చోటనెల్ల ఆరిపోవుచుండగా ఒక మిస్త్రీ కార్బురేటరు పోయినదనెను. నాలుగు బస్తాల ధాన్యపు వెల పోసి వేఱొకటి వేయించితిని. రెండు దినములు బాగుగ నడచి మరల పూర్వపు స్థితికే వచ్చెను. తుదకు చూడగా ఇంజను వెనుక వేలెడంత రబ్బరు గొట్టము అడుగు ప్రక్కన చీలియుండెను. క్రొత్త గొట్టము వెల ఒక పూట కాఫీ ఖర్చునకు మించలేదు.

కదలక నిలిచిన బండిలో, ఆక్సిలరేటరుపై కాలు పెట్టకుండ, ఇంజను తనంత తాను మెల్లగా తిరుగుటను మిస్త్రీలు ఐడ్లింగు అందురు. ఆ వేళ కార్బురేటరులోని రేకు తలుపు దాదాపు మూసియుండును. ఇంజను పీల్చు గాలి మిక్కిలి కొంచెము. ఆ కొంచెపు గాలికి సరిపోవునంత పెట్రోలు మాత్రమే సన్నని బెజ్జము గుండ వచ్చి కలియును. ఇట్టి సమయమున వేఱొక చోట నుండి దొంగగాలి దూఱినచో మిశ్రమము పలుచబడి మంట అందుకొనదు. బోదె గట్టుకు ఎండ్రకాయ బొక్క పడినచో చేనికి నీరందదు; అదే బొక్క పెద్దకాలువ గట్టున నున్నచో నీరు తగ్గినట్లే తోచదు. అట్లే బండి వేగముగ పోవునపుడు ఆ దొంగగాలి లెక్కలోనికి రాదు. కావుననే "రోడ్డు మీద గుఱ్ఱమువలె పోవును, ఆపితే చచ్చును" అని మనవారు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడ పని లేదు; ఆ మాటయే రోగపు గుఱుతు.

ఇంజను వేడెక్కిన పిమ్మట చోకు కొంచెము లాగి చూడవలెను. అంతట ఇంజను కుదుటబడినచో మిశ్రమము పలుచనైనదని, అనగా దొంగగాలి దూఱుచున్నదని గాని, పెట్రోలు బెజ్జము పూడినదని గాని తెలిసికొనవచ్చును. చోకు లాగగానే ఇంజను మఱింత ఉక్కిరిబిక్కిరి యయ్యెనేని పెట్రోలు ఇదివఱకే ఎక్కువగుచున్నది. కార్బురేటరు గిన్నెలోని తేలు బుడ్డియు, దాని సూదియు చూడవలెను. దొంగగాలిని పట్టుటకు సబ్బునీరు చాలును. కార్బురేటరు క్రింది గ్యాస్కెట్టు అంచున, దాని నుండి పోవు ప్రతి రబ్బరు గొట్టము కొసను, సబ్బునీటిని చుక్కలుగ వేయుడు. ఎచ్చట తడిపినపుడు ఇంజను శబ్దము మాఱునో అచ్చటనే బొక్క. కొందఱు దీనికి పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లుట గడ్డివాము ప్రక్క చుట్ట కాల్చుట వంటిది. సబ్బునీరైనను ప్లగ్గుతీగలపై పడనీయరాదు.

ఆ గొట్టములలో ఒకదానిని గూర్చి వేఱుగ చెప్పవలసియున్నది. బ్రేకు బూస్టరు గల కార్లలో, మనము బ్రేకు త్రొక్కునపుడు కాలికి బలము చేకూర్చునది ఇంజను పీల్చు శక్తియే. బూస్టరు గొట్టము గాని, లోపలి రబ్బరు పొర గాని చినిగినచో ఐడ్లింగు చెడును, బ్రేకు గట్టిపడును. కావున నిలిచియున్న బండిలో బ్రేకు త్రొక్కగానే ఇంజను తడబడినను, బ్రేకు పెడలు ఱాయివలె తోచినను, ఆ బండిని కాలువకట్ట నెక్కింపక ముందు బూస్టరు చూపించుకొనవలెను. ఐడ్లింగు స్క్రూ త్రిప్పి శబ్దము సరిచేసికొని పోవువారు ఈ హెచ్చరికను తామే చెఱిపివేసికొనుచున్నారు.

గాలి సంగతి తేలిన పిమ్మట నిప్పు సంగతి. ప్లగ్గులు విప్పి వన్నె చూడుడు. లేత గోధుమ వన్నె ఆరోగ్యము. నల్లని పొడిమసి పెట్రోలు ఎక్కువయగుటను, తెల్లదనము మిశ్రమము పలుచబడుటను, నూనె తడి లోపలి రింగులో వాల్వులో అఱుగుటను తెలుపును. ఒక్క ప్లగ్గు మాత్రమే వేఱుగ నున్నచో రోగము ఆ సిలిండరుదే. పాత పెట్రోలు అంబాసిడరులలో ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరు, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. కన్నుతో కొలువక ఫీలర్ గేజితో కొలువుడు. టాపెట్లు బిగిసిన ఇంజను ఎంత శుభ్రపఱచినను ఐడ్లింగులో కుదురదు; కావున వానిని మఱువరాదు.

ఇవి యన్నియు సరిగనున్నపుడే కార్బురేటరును విప్పవలెను. జెట్టును గాలితో ఊదవలెను గాని ఇనుపతీగతో పొడువరాదు. వెండ్రుకవాసి బెజ్జము పెద్దదైనను పెట్రోలు లెక్క తప్పును. ఐడ్లింగు స్క్రూ త్రిప్పుట అన్నిటికంటె చివరి పని.

ఇటీవలి పెట్రోలును గూర్చి యొక మాట. 2023 నుండి మన దేశమున నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలును బంకులలో ప్రవేశపెట్టిరి. ఈ ఇథనాలును చెఱకు నుండియు, మొక్కజొన్న నుండియు, నూకల నుండియు తీయుదురు. వరి తరువాత మన చేలలో వేయు మొక్కజొన్నయు మన టాంకులోనికే తిరిగి వచ్చుచుండవచ్చును. రైతునకు గిరాకి మంచిదే. కాని పాత కార్బురేటరు దీనికై చేసినది కాదు. ఒక పాలు పెట్రోలు మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాలునకు 9 పాళ్లే చాలును. కావున పాత కొలత జెట్టుతో మిశ్రమము కొంత పలుచబడును. ఐడ్లింగులో స్వల్పముగ వణకు బండికి మిశ్రమపు స్క్రూను కొంచెము విప్పుటతో సరిపోవుట కలదు. ఇథనాలు శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే గనుక మైలేజి కొంత తగ్గును. అందులకు మిస్త్రీని నిందింప పని లేదు. పాత రబ్బరు గొట్టములు దీనివలన మెత్తబడి ఉబ్బును; టాంకులోని పాత జిగురు కరగి వచ్చి జెట్టును పూడ్చును. మఱియు ఇథనాలు నీటిని పీల్చును. నీరు మితిమీఱినచో రెండును కలిసి అడుగునకు దిగును. ఇంజనుకు మొదట అందునది ఆ నీళ్లే. నాట్లు మొదలుకొని కోతల వఱకు కారును పాకలో నుంచువారు గిన్నెలోని పెట్రోలును తీసివేసి, నెల కొకమాఱైనను బండిని కొంత దూరము నడిపింపవలెను.

డీజిలు అంబాసిడరు గలవారికి కార్బురేటరు బాధ లేదు. ఇంజను ఒకసారి హెచ్చుచు ఒకసారి తగ్గుచు ఊగినచో ఫిల్టరు పూడుటయో, గొట్టములో గాలి చేరుటయో ముందు చూడవలెను. ఆయిలింజను నడిపిన రైతునకు ఇది క్రొత్త విద్య కాదు.

ఇక బండి క్రిందిభాగము. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోవు దారి చాలవఱకు నల్లఱేగడిపై నున్నది. ఈ నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును. పైనున్న రోడ్డు ఎంత బాగుగ వేసినను అలలు దేఱును. బాపట్ల ప్రక్క ఇసుకనేల గనుక ఆ బాధ తక్కువ. కాని సూర్యలంక నుండి వీచు ఉప్పుగాలి ఇనుమును తినును. అందుచే తెనాలి వారు బుష్షులను, షాక్ అబ్సార్బరులను ముందు చూడవలెను. సముద్రపు ఒడ్డు వారు కమానుకట్ట కొస బండి అడుగునకు కలియు చోట తుప్పును ముందు చూడవలెను. రంగు క్రింద రేకు పొరలు పొరలుగ లేచినచో, స్క్రూ డ్రైవరు కొసతో గట్టిగ పొడిచి చూడుడు; లోనికి దిగినచో కమాను మార్చుటవలన లాభము లేదు, ముందు అడుగు వెల్డింగు చేయింపవలెను.

బండిని చదునైన సిమెంటు కళ్లముపై నిలిపి, నాలుగు చక్రముల గాలి సరిచేసి, ప్రతి చక్రపు నడిబొడ్డు నుండి పై రేకు అంచు వఱకు టేపుతో కొలిచి వ్రాసికొనుడు. కుడియెడమల కొలతలలో వేలు వెడల్పునకు మించి తేడా యున్నచో ఆ వైపు కమాను దిగినదన్నమాట. తరువాత ఒక మూలను బలముగ నొక్కి విడువుడు. బండి పైకి లేచి కుదురుకొనవలెను. నాటుపడవవలె ఊగుచునే యున్నచో అచ్చటి షాక్ అబ్సార్బరు పోయినది. దానిని మార్చునపుడు ఎదుటి ప్రక్కది కూడ మార్చవలెను. లేనిచో బ్రేకు వేసినపుడు బండి యొక ప్రక్కకు లాగును. దబ్బుమను శబ్దమునకు అన్నివేళల షాక్ అబ్సార్బరులే కారణము కావు. బండి బయలుదేఱునపుడు మాత్రమే వచ్చు దెబ్బ తఱచు ఇంజను క్రింది రబ్బరు దిమ్మలదో, వెనుక కమాను బుష్షుదో అయియుండును. ఐడ్లింగు వణకుచు నడిచిన బండిలో ఆ రబ్బరు దిమ్మలు త్వరగా చినుగును. ఇట్లు మొదటి రోగమే రెండవ రోగమునకు తల్లి యగుట కలదు.

వెనుక ఇరుసును కమానుకట్టకు పట్టియుంచు యు-బోల్టులు వదులైనను, పెద్దపట్టీ విఱిగినను ఇరుసు ప్రక్కకు జరుగును. కాలువకట్టపై బండి లాగుటకు ఇదియొక కారణము. వెనుక సీటు తీసి పసుపు బస్తాలు వేసికొని పోయి, పిమ్మట కమాను దిగినదని అదనపు పట్టీ వేయించువారు గలరు. అదనపు పట్టీతో వెనుకభాగము లేచును గాని, బరువు మోయుటకు బ్రేకులును, ఇరుసును బలపడవు. బస్తాలకు ట్రాక్టరు ట్రక్కు ఉండనే యున్నది.

మీలో కొందఱు ఈ పనులను స్వయముగ చేసికొందురు. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూఱవలదు. ఇటుకలును, బోలు సిమెంటు దిమ్మలును బరువునకు పొడియగును. గట్టి తుమ్మ దుంగలు గాని, ఇనుప స్టాండులు గాని పెట్టి, బండిని చేతులతో ఊపి చూచిన పిమ్మటనే క్రిందికి పోవలెను. అంబాసిడరు ముందు చక్రముల బరువును మోయునవి మెలిబడి నిలిచిన పొడవైన ఉక్కుకడ్డీలు. వీనిని టార్షన్ బారులందురు. మెలిపెట్టిన మోకు ఒక్కసారి విడిచినచో ఎట్లు తన్నునో, క్రింది చేతికి ఆనిక పెట్టక బోల్టు విప్పినచో ఇవియు అట్లే తన్నును. మారుతీ ముందు భాగములో నొక్కియున్న చుట్టస్ప్రింగుల సంగతియు ఇంతే. ఈ రెంటిని తగిన సాధనము లేనిదే ముట్టరాదు.

రబ్బరు బుష్షులు మార్చినపుడు బోల్టులను బండి గాలిలో నుండగా తుదిగ బిగింపవలదు. బండిని చక్రములపై దింపి, బరువు పడిన పిమ్మట బిగింపుడు. లేనిచో రబ్బరు ఎల్లకాలము మెలిపడియుండి కొద్ది నెలలలోనే చినుగును. క్రొత్త సామాను నాసిరకమని అంగడివానితో తగవులాడువారిలో సగము మంది యీ తప్పు చేసినవారే.

సొంత కారు 15 ఏండ్లు దాటినచో రిజిస్ట్రేషను 5 ఏండ్ల కొకమాఱు పొడిగించుకొనవలెను. ఆ పరీక్షలో బ్రేకులును, క్రింది భాగమును చూతురు. పొగ సర్టిఫికెట్టుకై పెట్రోలు బండి పొగను కొలుచునది ఐడ్లింగులోనే. కావున ఆ గడువునకు నెల ముందుగ ఈ పనులు చేయించుట మంచిది. ఫీలర్ గేజి, కంప్రెషను గేజి, రెండు జతల ఇనుప స్టాండులు ఒక్కొక్కరు కొనుటకు బదులు గ్రామ సంఘము తరఫున ఒక సెట్టు కొని వంతుల మీద వాడుకొనవచ్చును. కమానుకట్ట విప్పి బిగించిన ప్రతి బండికిని వంద కిలోమీటర్లు నడచిన పిమ్మట యు-బోల్టులను మరల బిగించి, మొదట వ్రాసికొన్న కొలతలతో సరిచూచుకొనవలెను.