విత్తనాన్ని తవ్వి చూడకండి

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: మార్కు 4:26–29, యాకోబు 5:7, 8



ఈ ఉదయం ఓర్పును గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఓర్పును గూర్చి నేను చాలాసార్లు బోధించాను. సెమినరీలో దాని గ్రీకు పదము కూడా నేర్చుకున్నాను. కాని ఆ ఓర్పు నాలో లేదన్న సంగతి నా ఇంటి పెరట్లో, నా ఏడేళ్ల కుమారుని ప్రక్కన మట్టిలో కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

మా అబ్బాయి అప్పుడు రెండవ తరగతి. వాడికి చదవడం ఆలస్యంగా వచ్చింది. తోటి పిల్లలు వాక్యాలు చదువుతుంటే మావాడు గుణింతాల దగ్గరే ఆగిపోయేవాడు. ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థన కాగానే వాచకం తెరిపించి, అక్షరం మీద వేలు పెట్టించి చదివించేవాణ్ణి. "నిన్న వచ్చింది ఈ రోజు ఎందుకు రాదు?" అని గద్దించేవాణ్ణి. కొన్నాళ్లకు నేను పుస్తకం తీస్తే చాలు, వాడు వాళ్లమ్మ వెనక దాక్కునేవాడు. సంఘంలో అందరి పిల్లల తలల మీద చేతులుంచి ప్రార్థించే కాపరిని చూసి, సొంత కొడుకు భయపడుతున్నాడు.

ఒక రోజు నా భార్య, "ఒక నెల రోజులు ఆ పుస్తకం ప్రక్కన పెట్టండి. వాడితో కలిసి రెండు పాదులైనా పెట్టండి" అన్నది. అది జూలై నెల, వానలు పడుతున్నాయి. ప్రహరీ గోడ వారగా రెండు గుంటలు తీసి, పశువుల ఎరువు కలిపి, ఒకదానిలో చిక్కుడు గింజలు, మరొకదానిలో కాకర గింజలు పెట్టాము.

ఐదవ రోజుకు చిక్కుడు మొలిచింది. కాకర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి పెడితే త్వరగా మొలుస్తుంది. మేము నానబెట్టలేదు. పదవ రోజున నేను వెళ్లి చూసేసరికి కాకర పాదు అంతా చిందరవందరగా ఉంది. మావాడి చేతిలో ఒక గింజ ఉంది. పెంకు పగిలి, అప్పుడే తెల్లని వేరు బయటికి వచ్చింది. దాని కొన విరిగిపోయింది.

"మొలిచిందో లేదో చూస్తున్నాను నాన్నా. రోజూ చూసి మళ్లీ పెట్టేస్తున్నాను" అన్నాడు.

"రోజూ తవ్వితే అది ఎలా బ్రతుకుతుందిరా?" అని కేక వేశాను. ఆ మాట నా నోట ఉండగానే నా మనస్సాక్షి నన్ను పట్టుకున్నది. వాడు ఆ గింజను తవ్వింది పది రోజులు. నేను వాణ్ణి తవ్వుతున్నది ఏడాది నుండి! ఆ రాత్రి వాడు నిద్రపోయాక మంచం ప్రక్కన మోకరించి ప్రభువును క్షమాపణ అడిగాను. తెల్లవారాక వాణ్ణి కూడా అడిగాను.

ప్రియులారా, ఆ పాదుల దగ్గర ప్రభువు నాకు మూడు సంగతులు నేర్పించాడు.

మొదటిది, దేవుని పని కంటికి కనబడక ముందే మొదలవుతుంది. ఏ విత్తనంలోనైనా ముందు వచ్చేది ఆకు కాదు, వేరు. మనము "ఏమీ జరగడం లేదు" అని దిగులుపడే రోజుల్లోనే అది క్రిందికి దిగుతూ ఉంటుంది. మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. విత్తినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. విత్తనం ఎలా మొలిచిందో వానికే తెలియదు. భూమి తనంతట తానే పండిస్తుంది. 'తనంతట తానే' అన్నచోట ఉన్న గ్రీకు మాట క్రొత్త నిబంధనలో మరొక్కచోట మాత్రమే కనబడుతుంది. అపొస్తలుల కార్యములు 12:10లో పేతురు ఎదుట చెరసాల ఇనుప తలుపు తనంతట తానే తెరుచుకున్నచోట! పేతురు దానిని త్రోయలేదు. రైతు కూడా మొలకను పైకి లాగలేడు. కాబట్టి విత్తినవాడు రాత్రి హాయిగా నిద్రపోవడం కూడా విశ్వాసమే.

రెండవది, ఓర్పు అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. లూకా 13వ అధ్యాయంలో మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరికివేయమని యజమానుడు చెప్పినప్పుడు, తోటమాలి ఇంకొక్క సంవత్సరం గడువు అడిగాడు. ఊరికే అడగలేదు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. చెట్టు చుట్టూ త్రవ్వడం వేరు, వేరును త్రవ్వి చూడడం వేరు. మొదటిది సేవ, రెండవది అనుమానం. మా చిక్కుడు తీగకు పేనుబంక పట్టింది. మావాడూ నేనూ ఉదయాన్నే పొయ్యిలోని బూడిద తెచ్చి ఆకుల మీద చల్లేవాళ్లం, పురుగు మరీ ఎక్కువగా ఉన్న కొనలు త్రుంచేవాళ్లం. నీళ్లు పోయడం, కలుపు తీయడం మన వంతు. మొలిపించడం ఆయన వంతు. ఈ రెండూ కలిపేసుకుంటే మనకు మిగిలేది అలసటా, కోపమూ.

మూడవది, ప్రతిదానికీ దేవుడు నియమించిన కాలమున్నది. సెప్టెంబరు నాటికి చిక్కుడు తీగ గోడంతా అల్లుకుంది. ఒక్క పువ్వు లేదు. "ఇది మంచి చెట్టు కాదేమో, పీకేద్దామా నాన్నా?" అన్నాడు మావాడు. మా సంఘంలో వ్యవసాయం చేసిన ఒక పెద్దాయన చూసి నవ్వాడు. "తొందరెందుకు అయ్యగారూ, రాత్రులు పెరగనివ్వండి" అన్నాడు. అది నిజమే. నాటు పాదు చిక్కుడు పగటి పొద్దు తగ్గి, రాత్రి పెరిగితే గాని పూతకు రాదు. ఎన్ని నీళ్లు పోసినా, ఎంత ఎరువు వేసినా ఆకే పెరుగుతుంది. నా ప్రియ సహోదరీ, సహోదరుడా, నీ జీవితంలో రాత్రి పెరుగుతున్నదని కృంగిపోతున్నావా? పూతకాలం దగ్గరపడుతున్నదేమో!

యాకోబు కూడా మనకు రైతునే చూపించాడు. పాలస్తీనా దేశంలో అక్టోబరు, నవంబరులలో పడే తొలకరి నేలను మెత్తబరిస్తే, మార్చి, ఏప్రిల్‌లలో పడే కడవరి వర్షం కంకిని నింపుతుంది. రైతు ఆ రెంటిలో ఒక్కదాన్నీ కురిపించలేడు. అక్కడ యాకోబు వాడిన మాటకు దీర్ఘశాంతము, అనగా త్వరగా కోపం తెచ్చుకోకపోవడం అని అర్థం. ఆలస్యమైందని విత్తనం మీద కోపగించుకునే రైతు ఎవరు?

మన తెలుగు సంఘ చరిత్రలో కూడా ఈ పాఠమున్నది. శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశానికి వచ్చి తెలుగువారి మధ్య బాప్టిస్టు మిషను పనిని ప్రారంభించారు. ఏండ్లు గడిచినా ఫలితం కొద్దిగానే కనబడింది. దీనిని మూసివేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి మించిన సార్లు వచ్చింది. 'ఒంటరి నక్షత్రం' అని దానికి పేరు కూడా పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొరగారూ, ఆయన భార్యా, కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించారు. 1878 జూలై 3న, క్లౌ దొరగారి కాలంలో, ఒంగోలు ప్రాంతంలోని గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మొదటి విత్తనానికీ ఆ కోతకూ మధ్య 42 ఏండ్లు! ఎవరైనా నడుమ దానిని పెరికివేసి ఉంటే?

నవంబరులో మా చిక్కుడుకు ఊదారంగు పూలు వచ్చాయి. క్రిస్మస్ ముందురోజు మావాడు గిన్నెనిండా కాయలు కోసి వాళ్లమ్మకిచ్చాడు. వాడు చదువులో ముందుకు వచ్చేశాడా అని మీరు అడగవచ్చు. లేదు, ఆ క్రిస్మస్‌కు కూడా కూడబలుక్కునే చదివేవాడు. కాని నేను పుస్తకం తీస్తే వాళ్లమ్మ వెనక దాక్కోవడం మానేశాడు. వచ్చి నా ప్రక్కన కూర్చుంటున్నాడు. అది వేరు అని నేను నమ్ముతున్నాను.

దారి తప్పిన కుమారుని కొరకు కన్నీళ్లు విడిచే తల్లీ, త్రాగుడు మానని భర్త కొరకు ప్రార్థించే సహోదరీ, పదిమందే ఉన్న సంఘంలో సేవచేస్తున్న దైవజనుడా, నీరు పోయండి, కలుపు తీయండి, ప్రార్థించండి. కాని తవ్వి చూడకండి. మట్టి క్రింద పని చేస్తున్నవాడు నమ్మదగినవాడు.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, మా విషయంలో నీవు ఎంతో దీర్ఘశాంతము చూపించావు. అదే దీర్ఘశాంతము మా పిల్లల యెడల, మా ఇంటివారి యెడల, మా సంఘముల యెడల మాకు దయచేయుము. నీ కాలము కొరకు నమ్మికతో కనిపెట్టే కృప మాకనుగ్రహించుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.