జయధ్వాన బృందంలో క్రింద నిలిచే బాలిక

అమీర్‌పేటలో మైత్రీవనం కూడలి మీదుగా నడచిన వారికి అక్కడి ప్రకటన ఫలకాలు చిరపరిచితములే. 1990ల చివరి సంవత్సరాలలో కంప్యూటరు భాషలు నేర్చుకొనుటకు జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఆ ఇరుకు గదులలో పాఠాలు విని, రాత్రికి పంజగుట్ట సందులలోని అద్దె గదులకు చేరేవారు. వారిలో చాలమంది అమెరికాకు వెళ్ళి అక్కడే స్థిరపడినారు. వారి పిల్లలు నేడు ఆ దేశపు ఉన్నత పాఠశాలలలో చదువుతున్నారు. తాతలు, అమ్మమ్మలు మాత్రం ఇక్కడ ఉన్నారు. మనుమల ముచ్చట్లన్నీ వారికి టెలిఫోను తెర మీదనే.

అట్టి పెద్దావిడ ఒకరు మా వీధిలో ఉన్నారు. ఆమె మనుమరాలు టెక్సాస్‌లో చదువుతూ, పాఠశాల చీర్‌లీడింగ్ జట్టులో చేరినదట. ఆ అమ్మాయి పంపిన దృశ్యాన్ని మాకు చూపి ఆమె ఇట్లా అడిగినారు: "పైన నిలబడి చేతులు చాచిన పిల్ల ఎవరో గానీ, మా పిల్ల ఆ పిల్ల బూట్లను అరచేతులలో పట్టుకొని క్రింద నిలబడింది చూడండి. పొరపాటున ఒకరి కాలు తగిలితే కళ్ళకద్దుకొనే ఇంటి పిల్ల అది. దీనికోసమా వాళ్ళు అంత దూరం పోయింది?"

ప్రశ్న న్యాయమైనదే. చీర్‌లీడింగ్ అనగా మన నగరవాసులకు 2008లో ఆరంభమైన ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలే స్ఫురిస్తాయి. ఆ యేడు ఉప్పల్ మైదానంలో డెక్కన్ ఛార్జర్స్ వారి ఆటలకు హద్దు గీత వద్ద నర్తించిన విదేశీ వనితలను చూచి మెచ్చినవారు కొందరు, ముఖం చిట్లించినవారు కొందరు. పాఠశాల బృందాల సంగతి వేరు. అది ప్రేక్షకుల వినోదానికి జీతమిచ్చి పిలిపించిన నాట్యం కాదు. విద్యార్థులే తమ తోటి ఆటగాండ్రకు ధైర్యం చెప్పుటకు ఏర్పరచుకొన్న కట్టు.

దాని పుట్టుక కూడా ఓటమిలోనే ఉన్నది. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఓడిపోతూ ఉండగా, జానీ కాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందుకు వచ్చి, అందరిచేత ఒకే గొంతుతో జయధ్వానం చేయించినాడు. తొలి రోజులలో ఇది కేవలం పురుషుల పని. మిన్నెసోటాలోనే 1923లో స్త్రీలకు ప్రవేశం లభించినది. రెండవ ప్రపంచయుద్ధానికి యువకులు తరలిపోయిన తరువాత బాలికల సంఖ్యయే పెరిగినది. 1948లో లారెన్స్ హెర్కిమర్ టెక్సాస్‌లో నడిపిన మొదటి శిక్షణ శిబిరానికి 52 మంది బాలికలు, ఒకే ఒక బాలుడు వచ్చినారు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ విద్య యొక్క ప్రపంచ సమాఖ్యకు పూర్తి గుర్తింపు నిచ్చినది.

ఇక ఆ బూట్ల సంగతికి వత్తాము. ఒక బాలికను పైకి ఎత్తుటకు సాధారణంగా ముగ్గురు కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, మోకాళ్ళు కొద్దిగా వంచి, అరచేతులు పైకి పెట్టి సిద్ధమౌతారు. వీరిని ఆధారాలు అనవచ్చును. మూడవ బాలిక వెనుక నిలుస్తుంది. పైకి పోవలసిన పిల్ల ఇద్దరి భుజాల మీద చేతులు ఆనించి వారి అరచేతులలో పాదాలు మోపుతుంది. వెనుక నున్న బాలిక లెక్క చెబుతుంది. ఎనిమిది వరకు సాగే ఆ లెక్కలో ఏ అంకెకు వంగాలో, ఏ అంకెకు లేవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఎత్తే బలం నడుములో గాక తొడలలో ఉండాలి. ముగ్గురూ ఒక్క క్షణంలో లేస్తే పైపిల్ల బరువు తెలియదు. ఒకరు అర అంకె ముందు లేచినారా, ఒక పాదం పైకి, ఒక పాదం క్రిందికి! పైపిల్ల తన వంతుగా కొయ్యబొమ్మ వలె శరీరాన్ని బిగించి, చూపు పైకి నిలపాలి. క్రిందికి చూచినదంటే తూకం తప్పుతుంది.

తూకం తప్పినప్పుడు ఏమి చేయాలన్నదే అసలు విద్య. పైనుండి ఏదైనా మీద పడుతున్నప్పుడు ఎవరైనా వెనుకకు తొలగుతారు. అది ప్రాణి స్వభావం. ఆధారంగా నిలిచిన బాలిక మాత్రం ఒక అడుగు ముందుకు వేయాలి. పడే పిల్ల నేలను తాకకముందే ముగ్గురి చేతులూ ఆమెను తాకాలి. తల, మెడ, భుజాలు నేలకు తగలకుండా కాచే భారం ముఖ్యంగా వెనుకనున్న బాలికది. ఈ స్వభావ విరుద్ధమైన అడుగును పదునాలుగు, పదునైదేండ్ల పిల్లలకు అలవాటు చేయుటకే నెలల తరబడి సాధన. ముందు మోకాలి ఎత్తు, తరువాత నడుము ఎత్తు, ఆ పైన భుజాల ఎత్తు. క్రిందివారు తొలగిపోరన్న నమ్మకం కుదిరినప్పుడే పైపిల్ల చూపు క్రిందికి దిగదు. ఆ నమ్మకం మాటలతో పుట్టేది కాదు, పట్టుకొన్న చేతులతో పుట్టేది.

ప్రమాదం లేదని చెప్పలేము. తలకు దెబ్బలు తగిలిన సందర్భాలు ఉన్నాయి. తెలిసిన శిక్షకులు, మెత్తని పరుపులు లేనిచోట పిల్లలను ఎత్తించడం తప్పని మా అభిప్రాయం.

ఆ అమ్మాయి ఉన్నది జూనియర్ వర్సిటీ జట్టు. వర్సిటీ అనగా పాఠశాల మొదటి జట్టు. జూనియర్ వర్సిటీ రెండవది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు, మొదటి జట్టుకు ఎంపిక కానివారు సాధారణంగా ఇందులో ఉంటారు. టెక్సాస్‌లో శుక్రవారం రాత్రి మొదటి జట్టు ఫుట్‌బాల్ ఆడితే ఊరంతా కదలివస్తుంది. రెండవ జట్టు ఆట చాలచోట్ల గురువారం సాయంకాలం. ప్రేక్షకులు తల్లిదండ్రులు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. అరకొరగా నిండిన బల్లల ముందు నిలిచి, ఓడిపోతున్న జట్టుకోసం గొంతెత్తడం తేలిక పని కాదు. మొదటి జట్టులో చోటు దొరకలేదన్న బాధ ఒకటి, అందరూ పైపిల్లనే చూస్తారన్న బాధ మరొకటి. ఈ రెండు బాధలతో మధ్యలో మానుకొనే పిల్లలు ఉంటారు. నలుగురి కట్టులో ఒకరు మానుకొంటే మిగిలిన ముగ్గురి సాధన కూడా ఆగుతుంది. కావున అక్కడ ఉత్సాహమనేది కేక ఎంత బిగ్గరగా వేసినారన్న దానిలో గాక, చలి సాయంకాలం సాధనకు నలుగురూ వచ్చినారా అన్న దానిలో తెలుస్తుంది. ఆటగాడెవరైనా, ఎదుటి జట్టువాడైనా సరే, గాయపడి నేలమీద పడితే బృందం కేకలు మాని మౌనంగా మోకాలి మీద కూర్చోవడం అక్కడి మర్యాద.

పెద్దావిడకు ఇదంతా చెప్పునప్పుడు మేము జడకోలాటాన్ని జ్ఞాపకం చేసినాము. పైన కట్టిన త్రాళ్ళను తలా ఒకటి పట్టుకొని, ఒకరి పక్క నుండి ఒకరు సాగుతూ జడ అల్లుతారు గదా. విప్పునప్పుడు అదే దారిలో వెనుకకు రావాలి. ఒక్కరు దారి తప్పితే చిక్కు ఆమె త్రాటికే కాదు, మొత్తం జడకు పడుతుంది. చూచేవారు జడను చూస్తారు గాని, ఫలానా అమ్మాయి త్రాడు ఏదని వెదకరు. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తాము చిన్నతనంలో కోలాటమాడినారట. లోపలి వరుసలో ఉండేవారట, తమను ఎవరూ చూచేవారు కాదట. ఈ మాట చెప్పునప్పుడు ఆమె ముఖంలో చిన్న నవ్వు కనిపించినది.

మొన్న మరల ఒక దృశ్యం వచ్చినదని పిలిచి చూపినారు. ఈసారి పైపిల్ల తూలినది. ఆవిడ తెరను ఆపి, ముందుకు వేసిన ఒక పాదాన్ని వేలితో చూపి, "ఇదుగో, ఇది మా పిల్లది" అన్నారు.