గాజు పలక

పూర్వము మన గ్రామములందు అక్షరాభ్యాసము పలకతోనే ఆరంభమగుచుండెడిది. నల్లని రాతిపలక, చేతిలో చిన్న బలపము, ప్రక్కన తడిగుడ్డ, ఇవియే బాలుని సామగ్రి. వ్రాసినదానిని చెరిపి మరల వ్రాయుటయే చదువు. నేడు అదే పేరుతో వేరొక పలక మన ఇండ్లకు వచ్చినది. టాబ్లెట్ అను ఆంగ్లపదమునకును పలక యనియే అర్థము. జనులు దానిని క్లుప్తముగా ట్యాబు అనుచున్నారు.

ఈ పలక మొదట బాలుర కొఱకే ఊహింపబడినది. 1972లో అలన్ కే అను అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లలు పుస్తకమువలె చేతపట్టుకొని చదువుకొనదగిన కంప్యూటరును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఆనాడు అట్టి వస్తువును చేయుటకు తగిన సాధనములు లేకుండెను. 2010 ఏప్రిలులో ఐప్యాడ్ విపణికి వచ్చిన పిమ్మట ట్యాబు లోకమున వ్యాపించెను. 2011 అక్టోబరు 5న న్యూఢిల్లీలో ఆకాశ్ అను చవుక ట్యాబును విద్యార్థుల కొఱకు విడుదల చేసిరి. దాని తెర 7 అంగుళములు మాత్రమే. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచుట ప్రారంభించినది. క్రమముగా తెరలు పెరిగి, నేడు 12, 13 అంగుళములు దాటిన ట్యాబులు కూడ లభించుచున్నవి.

అట్టి పెద్ద ట్యాబు ఒకటి మెండోరలోని రైతు ఇంటికి వచ్చినదనుకొందము. మెండోర నిజామాబాదు జిల్లాలో శ్రీరామసాగరమునకు సమీపమున నున్నది. ఆ ఆనకట్టకు 1963 జూలై 26న పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆర్మూరు, బాల్కొండ, మెండోర ప్రాంతములు పసుపు పంటకు ప్రసిద్ధములు. తొలకరిలో నాటిన పసుపును శీతకాలము గడచునప్పుడు త్రవ్వుదురు. పిదప ఉడికించి, కల్లమున ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెట్టుకు చేర్చుదురు. 2016 ఏప్రిలు 14న ఈనామ్ అను జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణి 21 మార్కెట్లతో ప్రారంభమైనప్పుడు వానిలో నిజామాబాదును చేర్చిరి. నాటినుండి పసుపు ధర తెరమీదకు వచ్చినది. కావున ఈ ఇంట ట్యాబు పిల్లల ఆటవస్తువు మాత్రమే కాదు.

పెట్టె విప్పగానే చూపరులకు ఆశ్చర్యము గొలుపునది తెర యొక్క వైశాల్యము. తెరను ఒక మూలనుండి ఎదుటి మూలకు కర్ణముగా కొలుతురు. ఆరున్నర అంగుళముల ఫోనుకు పదమూడు అంగుళముల ట్యాబు రెట్టింపేకదా యని మనకు తోచును. కాని రెండును ఒకే ఆకారము కలవైనచో వైశాల్యము నాలుగు రెట్లగును. పొడవును రెట్టించును, వెడల్పును రెట్టించును గదా! ఫోనులో ఇటునటు జరిపి చదువవలసిన ధరల పట్టిక దీనిలో ఒక్కచూపున కనబడును. చూపు మందగించిన అవ్వ కొఱకు అక్షరములను పెద్దవి చేయవచ్చును. అయితే పెద్ద ట్యాబు బరువు సాధారణముగా అరకిలోకు మించును. కొంతసేపటికి చేయి నొచ్చును. కావున దానిని బల్లమీద ఆనించి చదువుట మేలు.

రెండవ ఆశ్చర్యము రంగు. తెరమీద పసుపు కొమ్ము బొమ్మ బంగారమువలె మెరయును. కాని ఆ తెరలో పసుపుపచ్చని దీపము ఒక్కటియు లేదు! ప్రతి బిందువునందును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులే యుండును. నీలము ఆరి, ఎరుపును ఆకుపచ్చయు కలిసి వెలిగినప్పుడు మన కంటికి పసుపుపచ్చగా తోచును. నిజమైన కొమ్ములో కర్కుమిన్ అను పదార్థము కలదు. అది తనపై బడిన సూర్యకాంతిలోని నీలమును, ఊదాను గ్రహించి తక్కిన వెలుగును వెనుకకు పంపును. తెర నీలమును వెలిగింపదు, దుంప నీలమును మ్రింగివేయును. త్రోవలు రెండైనను కంటికి కనబడు రంగు ఒక్కటియే.

ఈ ఆశ్చర్యములు తీరిన పిదప ఇంటి యజమాని తెరను తాకును. ఏమియు కదలదు. మరల నొక్కును. కదలదు. కూతురు తాకగానే పుట తిరుగును. "ఈ అద్దము నా చెయ్యి నెరుగదు బిడ్డా" యని ఆయన చేయి వెనుకకు తీసికొనును. ఇది గ్రామములందు అరుదైన సంగతి కాదు. దీనికి కారణము తెలిసికొనవలెను.

గాజు క్రింద కంటికి కానరాని విద్యుద్వాహకపు పొర పరచియుండును. ఇండియము, తగరము, ఆమ్లజని కలిసిన పదార్థముతో దానిని చేయుట పరిపాటి. ఆ పొరమీద స్వల్పమైన విద్యుదావేశము నిలిచియుండును. మన దేహము కొంతవఱకు విద్యుద్వాహకము. వ్రేలు సమీపింపగానే అచ్చటి ఆవేశములో మార్పు కలుగును. లోపలి యంత్రము ఆ మార్పును బట్టి ఏ చోట తాకితిమో గుర్తించును. 1965లో ఇంగ్లండు దేశీయుడగు ఇ. ఏ. జాన్సన్ ఇట్టి తెరను గూర్చి ప్రకటించెను. ఈ తెర వ్రేలి బలమును చూడదు, వ్రేలివలన ఆవేశములో కలుగు మార్పును చూచును. పార పట్టి, దుంప త్రవ్వి, కల్లమున ఎండలో పనిచేసిన చేతికి కాయలు కాయును. ఎండి మందమైన ఆ చర్మము విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. పసుపు పొడి అంటినచో ఆటంకము మరింత పెరుగును. గట్టిగా నొక్కుటవలన లాభము లేదు. చేయి కడిగి, వ్రేలికొనను కొంచెము తడిచేసి తాకినచో తెర పలుకవచ్చును. మెత్తని కొన గల ప్రత్యేకపు కలమును వాడవచ్చును. కొన్ని ట్యాబులలో స్పర్శను సూక్ష్మముగా గ్రహించు ఏర్పాటు కూడ కలదు.

కావున లోపము ఆ చేతిది కాదు. ఏ చేతి కష్టమున ఈ ట్యాబు కొనబడినదో ఆ చేతినే అది గుర్తింపకున్నచో, దానిని గుర్తించునట్లు చేయుట చదువుకొన్న బిడ్డల విధి. తండ్రి పక్షమున తానే నొక్కి ధర చెప్పుట సులభము. తండ్రికే నేర్పి, ఆయన స్వయముగా చూచుకొనునట్లు చేయుట ఉత్తమము. తన పంట ధరను తాను చదువగలవాడు ఇతరుల మాటపై ఆధారపడడు.

తెరకు తెలియని విషయములును కలవు. కొమ్మును విరిచినప్పుడు ఖణేలుమను ధ్వనిని బట్టి అది చక్కగా ఎండినదో లేదో రైతు చెప్పగలడు. లోపలి రంగును చూచి, వాసన చూచి సరకు గుణము నిర్ణయింపగలడు. గాజుపలక ధరను చూపును, దుంప గుణమును చేయి చెప్పును. బిడ్డ తండ్రికి తెరను నేర్పి, తండ్రివద్ద కొమ్మును విరిచి చూచుట నేర్చుకొన్ననాడు ఆ ఇంట రెండు విద్యలును నిలుచును.