కాలిన చర్మానికి కొత్త జీవం: డాక్టర్ ఈవో పిటాంగి పరిశోధనలు మనకు నేర్పేదేమిటి?

ప్లాస్టిక్ సర్జరీ అనగానే చాలామందికి సినిమా తారలు, ముక్కు సరిచేసుకోవడం, పొట్ట తగ్గించుకోవడం గుర్తుకొస్తాయి. అది డబ్బున్నవారి ముచ్చట, మనకెందుకు అనుకుంటారు. శరీరంలో ప్లాస్టిక్ ముక్కలేవో పెడతారని భయపడేవారూ ఉన్నారు. నిజానికి ఈ పేరులోని 'ప్లాస్టిక్' అనే మాట మలచడం, రూపు దిద్దడం అనే అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చింది. మనం వాడే ప్లాస్టిక్‌కు, దీనికి సంబంధం లేదు. ఎక్కువ ఆపరేషన్లలో వాడేది రోగి సొంత చర్మం, సొంత కండరం, సొంత కొవ్వు.

పొయ్యి దగ్గర చీర అంటుకుని కాలిన తల్లికి మెడ వంగకుండా చేసేదీ, వేడి గంజి మీద పడి వేళ్లు అతుక్కుపోయిన బిడ్డకు చేయి తెరుచుకునేలా చేసేదీ ఈ వైద్యమే. అందం కోసం చేసే శస్త్రచికిత్స, కాలిన గాయాలకు చేసే శస్త్రచికిత్స రెండూ ఒకే విద్యకు రెండు చేతులని జీవితమంతా వాదించిన వైద్యుడు బ్రెజిల్ దేశస్థుడు డాక్టర్ ఈవో పిటాంగి. ఆయన కథ తెలిస్తే ఈ వైద్యం గురించి మన అపోహలు చాలావరకు తొలగిపోతాయి.

చదువు, గురువులు

పిటాంగి 1920వ దశకంలో బ్రెజిల్‌లోని బెలో హొరిజోంతె నగరంలో పుట్టారు. తండ్రి కూడా సర్జనే. వైద్యవిద్య ముగించాక అమెరికా, ఫ్రాన్స్, ఇంగ్లండు దేశాలకు వెళ్లి శిక్షణ పొందారు. ఇంగ్లండులో ఆయన ఇద్దరు గొప్ప గురువుల పని చూశారు. ఒకరు మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు మళ్లీ ముఖాలు నిర్మించిన హెరాల్డ్ గిలీస్. రెండోవారు రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్లో కాలిపోయిన యువకులకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలో వైద్యం చేసిన ఆర్చిబాల్డ్ మెకిండో.

మెకిండో ఒక విషయం గమనించారు. విమానం కూలినప్పుడు సముద్రంలో పడిన వారి కాలిన గాయాలు నేల మీద పడిన వారి గాయాల కంటే బాగా మానుతున్నాయి. దాంతో ఆయన రోగులకు ఉప్పునీటి స్నానాలు చేయించారు. చర్మాన్ని గట్టిపరిచి బిగుసుకునేలా చేసే టానిక్ ఆమ్లం పూతను మాన్పించారు. ఆయన చేసిన ఇంకో పని ఆపరేషన్ గదికి బయటిది. ముఖం కాలిన ఆ యువకులు వీధిలో నడిచినప్పుడు తేరిపార చూడవద్దని, మామూలుగా పలకరించమని ఊరివారిని కోరారు. ఊరు ఆ మాట విన్నది. రోగులు దుకాణాలకు, విందులకు వెళ్లగలిగారు. వైద్యంలో సగం చర్మానిదైతే, మిగిలిన సగం చుట్టూ ఉన్న మనుషులదని ఆ ఊరు చూపించింది.

నితెరోయి సర్కస్ మంటలు

1961 డిసెంబరు 17, ఆదివారం. క్రిస్మస్‌కు వారం ముందు. రియో డి జనీరోకు ఎదురుగా సముద్రపు పాయకు అవతల ఉన్న నితెరోయి పట్టణంలో పెద్ద సర్కస్ జరుగుతోంది. డేరా నిండా కుటుంబాలు, పిల్లలు. మైనం పూసిన డేరాకు నిప్పంటుకుని కొద్ది నిమిషాల్లోనే జనం మీద పడింది. 500 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. వందలాది మంది కాలిన గాయాలతో మిగిలారు.

పిటాంగి తన బృందంతో వెళ్లి నెలల తరబడి వారికి వైద్యం చేశారు. అప్పుడు ఎదురైన పెద్ద కష్టం చర్మం కరవు. మన చర్మం శరీరంలోని నీటిని కాపాడుతుంది, క్రిములను బయటే ఆపుతుంది. ఎక్కువ భాగం కాలినవారికి సొంత చర్మం తీసి అతికించడానికి మిగిలినది చాలదు. ఇతరుల చర్మం వేస్తే కొన్ని వారాల్లో శరీరం దాన్ని తిరస్కరిస్తుంది. కానీ ఆ కొన్ని వారాలే ప్రాణం నిలుపుతాయి. ఆ విపత్తులో అమెరికా నుండి ఎండబెట్టి భద్రపరచిన చర్మం తెప్పించి గాయాలను తాత్కాలికంగా కప్పారు. నేడు చర్మ బ్యాంకులు చేసే పని ఇదే. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో కూడా 2021లో చర్మ బ్యాంకు ప్రారంభమైంది. మరణించిన వ్యక్తి నుండి పలుచని పై పొరను మాత్రమే తీస్తారు. దేహం వికారమవదు, అంత్యక్రియలకు ఆటంకం ఉండదు.

ఆ పిల్లల ప్రాణాలు నిలిచాక అసలు ప్రశ్న మొదలైంది. బతికారు, కానీ ఎలా బతుకుతారు? మూతి ముడుచుకుపోయిన పాప అన్నం ఎలా తింటుంది? బడికి ఎలా వెళుతుంది? రూపం గురించిన ఆలోచన విలాసం కాదని, అది మనిషి నలుగురిలో తలెత్తుకు తిరగడానికి సంబంధించినదని పిటాంగి గట్టిగా నమ్మడానికి ఈ అనుభవం పెద్ద కారణం.

శరీరాకృతిపై పరిశోధన

కాన్పుల తర్వాత, లేదా చాలా బరువు తగ్గిన తర్వాత పొట్ట చర్మం వదులై వేలాడుతుంది. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు ఎడమై, ఎంత వ్యాయామం చేసినా పొట్ట ముందుకే ఉంటుంది. పిటాంగి ఇటువంటి 300 మందికి చేసిన ఆపరేషన్లను విశ్లేషించి 1967లో ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. అంతకు ముందు 1964లో తొడల పైభాగంలో పేరుకునే కొవ్వును సరిచేసే పద్ధతి గురించి రాశారు.

పొట్ట ఆపరేషన్‌లో ఆయన అనుసరించిన మార్గం ఇది. కోతను లోదుస్తుల కింద దాగేంత కిందికి పెట్టడం. అక్కడి నుండి చర్మాన్ని పక్కటెముకల వరకు లేపడం. ఎడమైన కండరాలను, వాటి పొరను కోయకుండానే దగ్గరకు లాగి కుట్టడం. చర్మాన్ని కిందికి దించి మిగిలినది తీసివేయడం. బొడ్డును సరైన చోట మళ్లీ అమర్చడం.

దీనికి, కాలిన గాయాలకు సంబంధం ఏమిటి? రెండింటిలోనూ సర్జను అడిగే ప్రశ్నలు ఒకటే. చర్మం ఎంతవరకు సాగుతుంది? ఎంత లేపినా దానికి రక్తప్రసరణ నిలుస్తుందా? మచ్చ ఎక్కడ పడితే తక్కువ ఇబ్బంది? ఒకచోట నేర్చుకున్న జవాబు రెండోచోట పనికొస్తుంది. పొట్ట, తొడ వంటి చోట్ల ఉన్న చర్మమే కాలిన మెడకు, చేతికి కొత్త కప్పు అవుతుంది.

పిటాంగి రియోలో 1963లో సొంత క్లినిక్ తెరిచారు. లోకప్రసిద్ధులు అక్కడికి వచ్చేవారు. అదే సమయంలో సాంతా కాసా ద మిజెరికోర్దియా అనే పురాతన ధర్మాసుపత్రిలో పేదలకు ఉచితంగానో, చాలా తక్కువ ఖర్చుతోనో ఆపరేషన్లు చేసే విభాగం నడిపారు. అక్కడే అనేక దేశాల యువ సర్జన్లకు శిక్షణ ఇచ్చారు. 2016 ఆగస్టు 5న రియో ఒలింపిక్ జ్యోతిని చేతపట్టి, మరునాడే కన్నుమూశారు.

మచ్చ ఎందుకు బిగుసుకుంటుంది?

లోతుగా కాలిన గాయం మానేటప్పుడు శరీరం గాయం అంచులను దగ్గరకు లాగుతుంది. అందుకే మెడ ముందు కాలితే గడ్డం ఛాతీకి, మోచేయి మడతలో కాలితే ముంజేయి పై చేతికి అతుక్కుపోతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: రోగికి సుఖంగా అనిపించే భంగిమే తర్వాత వంకరను తెస్తుంది. మెడ కాలినవారికి జాలిపడి తలగడ పెట్టవద్దు. వైద్యులు చెబితే భుజాల కింద చుట్టిన గుడ్డ పెట్టండి. చేతికి బద్ద కట్టమంటే రాత్రి విప్పేయకండి. బిగుతు దుస్తులు ఇస్తే స్నానానికి తప్ప తీయకుండా, చెప్పినన్ని నెలలు వేసుకోవాలి. తరచుగా ఇది ఏడాది పైనే.

బిగుసుకున్న మచ్చను విడదీయడానికి అనేక మార్గాలున్నాయి. సన్నని గీతలా బిగిసిన మచ్చను 'జెడ్' అక్షరం ఆకారంలో కోసి, రెండు త్రికోణాల చర్మాన్ని ఒకదాని స్థానంలో ఒకటి మార్చి కుడితే పొడవు పెరుగుతుంది. వెడల్పు మచ్చ అయితే దాన్ని విడదీసి, ఏర్పడిన ఖాళీలో కొత్త చర్మం అతికిస్తారు. సాధారణంగా మచ్చ మెత్తబడేవరకు, అంటే సుమారు ఏడాది ఆగుతారు. కానీ కనురెప్ప మూతపడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా ఆగకూడదు. పిల్లల ఎముక పెరుగుతుంది, మచ్చ దానితో సమానంగా పెరగదు. కనుక ఎదిగేవరకు వారికి ఒకటికి మించి ఆపరేషన్లు అవసరం కావచ్చు. అది మొదటి ఆపరేషన్ విఫలమైనట్టు కాదు.

కాలినప్పుడు వెంటనే చేయవలసినవి

• మంటలు ఆర్పి, కాలిన చోట మామూలు చల్లని పారే నీరు 20 నిమిషాలు పోయండి. ఆలస్యమైనా, మూడు గంటలలోపు పోస్తే ప్రయోజనం ఉంటుంది.
• వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను పీకవద్దు.
• ఐసు, ఇంకు, టూత్‌పేస్టు, దోసెపిండి, కోడిగుడ్డు సొన రాయవద్దు.
• శుభ్రమైన ఉతికిన గుడ్డ కప్పి, మిగిలిన ఒంటికి దుప్పటి చుట్టి ఆసుపత్రికి తీసుకురండి. చిన్నపిల్లలు చలికి తట్టుకోలేరు.
• కరెంటు వల్ల కాలితే ముందు మెయిన్ ఆపండి. గాయం చిన్నదిగా కనిపించినా తప్పక చూపించండి.

పొట్ట ఆపరేషన్ గురించి అడిగేవారికి

ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. ముందు బరువు తగ్గి, అది కొన్ని నెలలు నిలకడగా ఉండాలి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆగడం మంచిది. పొగతాగేవారికి చర్మానికి రక్తం సరిగా అందక గాయం విచ్చుకుంటుంది. కనీసం నాలుగు వారాల ముందే మానాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, నీరు చేరడం వంటి ప్రమాదాలున్నాయి. మచ్చ తప్పదు, దాన్ని దాచగలరు గాని చెరపలేరు. అన్ని వసతులున్న ఆసుపత్రిలో, అర్హతగల ప్లాస్టిక్ సర్జను దగ్గరే చేయించుకోవాలి.

చివరిగా కుటుంబాలకు ఒక మాట. కాలిన గాయంతో ఇంటికి వచ్చిన అమ్మాయిని గదిలో దాచకండి. అద్దాలు తీసేయకండి. ఎలా కాలిందని వచ్చినవారందరి ముందు చెప్పించకండి. బడికి, గుడికి, పెళ్లికి వెంట తీసుకువెళ్లండి. ఎదురుపడిన మనం ఆమె మచ్చను కాక కళ్లను చూసి, అందరినీ అడిగినట్టే "భోంచేశావా అమ్మా?" అని అడుగుదాం. పాత మచ్చలతో చేయి, మెడ కదలక ఏళ్ల తరబడి ఊరుకున్నవారు మీ వీధిలో ఉంటే, ఇప్పటికైనా వైద్యం ఉందని వారికి చెప్పండి.