కొండదారి... కొండవాళ్ల చేతిలోనే!

* ముదువన్ల గూడేల మీదుగా అడవి నడక
* కురంగణి మంటల తరవాత మారిన నిబంధనలు
* బోడి నాయకుల కాలం నుంచీ ముడిపడిన కథ

బోడినాయకనూరు: వీపున సంచి, కాళ్లకు బూట్లు, రెండు మూడు రోజులు అడవిలో నడక. చీకటి పడేసరికి ఓ గిరిజన గూడెం, వాళ్లు వండిపెట్టే వేడివేడి ముద్ద, చలిమంట. థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మై కొండల్లో దశాబ్దాలుగా సాగుతున్న ఈ తరహా యాత్రపై ఇక్కడి కుర్రకారుకూ మోజు పెరిగింది. మరి కోయంబత్తూరు, మదురై తెలుగు ఊళ్ల వెనకే నిలబడిన పడమటి కనుమల్లో అలా వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. కాకపోతే ఎక్కడికి అన్నదానికంటే ఎవరి వెంట అన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న. అది ఎంత పెద్దదో 2018లో కురంగణి చూపించింది.

ఆ ఆదివారం ఏం జరిగింది?

తేని జిల్లా బోడినాయకనూరుకు పడమరగా, కొండ మొదట్లో ఉన్న చిన్న ఊరు కురంగణి. ఇక్కడి నుంచి ఓ దారి టాప్‌స్టేషన్‌కు, మరో దారి కొళుక్కుమలై తేయాకు తోటలకు ఎక్కుతుంది. 2018 మార్చి 11న చెన్నై నుంచి ఒకటి, ఈరోడు, తిరుప్పూరు వైపు నుంచి మరొకటి.. రెండు బృందాలు కొళుక్కుమలై నుంచి కిందికి దిగుతున్నాయి. ఎండాకాలం మొదలైంది. వాలంతా నిలువెత్తు ఎండుగడ్డి. మధ్యాహ్నం దాటాక మంట లేచింది. గాలి తోడైంది. ఎటు పరుగెత్తాలో తెలియక కొందరు పొగలో చిక్కుకున్నారు, కొందరు లోయలోకి జారిపోయారు. సైనిక హెలికాప్టర్లు వచ్చేలోపే కింది ఊరివాళ్లు, తోట కూలీలు పైకి పరుగెత్తి చేతికందిన వాళ్లను మోసుకొచ్చారు. ఆస్పత్రుల్లో కన్నుమూసిన వారితో కలిపి మృతుల సంఖ్య 23కు చేరింది.

ఆ బృందాలు వెళ్లిన దారికి అనుమతి లేదని అప్పట్లో అధికారులు చెప్పారు. ఐఏఎస్‌ అధికారి అతుల్య మిశ్రాతో ప్రభుత్వం విచారణ జరిపించింది. అదే ఏడాది తమిళనాడులో కొండనడకలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ముందస్తు అనుమతి, గైడు లేకుండా అడవిలో అడుగుపెట్టకూడదన్నది వాటి సారాంశం.

అసలు విషయం కొండవాళ్లకు కొత్తేమీ కాదు. వాలు మీద మంట కిందికంటే పైకే వేగంగా పాకుతుంది. గడ్డి ఏ నెలలో ఎండుతుందో, ఏ వాగులో నీళ్లు మిగిలి ఉంటాయో, ఏ బాట ఏనుగులదో ఆ మట్టి మీద పుట్టినవాళ్లకు తెలిసినట్టు పటం చూసి నడిచేవారికి తెలియదు.

మీనాక్షిని వీపున మోసి...

బోడి కొండల పైన ముదువాకుడి ఉంది. ముదువన్లు తమ గూడేన్ని ‘కుడి’ అంటారు. మున్నారు, మారయూరు, చిన్నారు కొండల దాకా వాళ్ల కుడులు విస్తరించి ఉన్నాయి. వాళ్లు చెప్పుకునే కథ మన తెలుగువాళ్లు తప్పక వినాల్సింది. తమ పూర్వీకులది మదురై అని, అక్కడ కాలం కలిసిరాక మీనాక్షి అమ్మవారిని వీపున మోసుకుంటూ కొండలెక్కామని వాళ్ల పెద్దల మాట. తమిళంలో ముదుగు అంటే వీపు. అలా ముదువన్లయ్యారట. బోడిని తెలుగు నాయకులు స్వాధీనం చేసుకున్నప్పుడే ఈ వలస జరిగిందన్న ఐతిహ్యాన్ని ఎడ్గర్‌ థర్‌స్టన్‌ 1909లో అచ్చయిన తన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో నమోదు చేశారు.

చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది పండితులు తేల్చాలి. మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన 1529లో మొదలైందని, ఆ తరవాత రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించారని చరిత్ర చెబుతుంది. కనుమల అంచున ఉన్న పాళెముల్లో తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకులవి చాలా ఉన్నాయి. పళని కొండల కింద విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు కంపెనీవాళ్లపై తిరగబడి 1801లో ఉరికంబమెక్కాడు. ఈ పాళెముల వారసులు నేటికీ వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు.

అంటే తెలుగువాళ్లు కొండ కింద ఊళ్లు కట్టారు. ఆ కాలంలోనే కిందివాళ్లు కొందరు కొండెక్కారు. తరవాత తెల్లదొరల తేయాకు వచ్చింది. టాప్‌స్టేషన్‌ నుంచి కొట్టగుడికి తీగల మీద తేయాకు పెట్టెలు దిగేవి. అక్కడి నుంచి బళ్ల మీద బోడికి చేరేవి. పైన మున్నారు నుంచి టాప్‌స్టేషన్‌కు నడిచిన చిన్న రైలు 1924 వరదలో కొట్టుకుపోయింది. ఇన్ని మార్పుల్లోనూ కొండ బాటలు మరిచిపోనిది ముదువన్లే.

ఎక్కడికి వెళ్లొచ్చు?

రెండు మూడు రోజుల గూడెం యాత్రకు దగ్గరగా ఉన్నది చిన్నారు అభయారణ్యం. ఉడుమలైపేట నుంచి మారయూరు బస్సు ఎక్కితే తమిళనాడు సరిహద్దు దాటగానే వస్తుంది. 1984లో ఏర్పడిన ఈ అడవి విస్తీర్ణం 90 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కనుమల వాననీడలో ఉండటంతో కేరళలో ఉన్నా వాన తక్కువ. ముళ్లచెట్లు, నక్షత్ర తాబేళ్లు, అరుదైన బూడిదరంగు పెద్ద ఉడుతలు ఇక్కడి ప్రత్యేకత. లోపల ముదువన్లు, కొండపులయలవి 11 గూడేలున్నాయి. ఆ గూడేలవాళ్లే గైడ్లు. కూట్టార్‌ వంటి చోట్ల అడవి మధ్య చెక్క ఇళ్లలో రాత్రి బస. గైడు పక్కనే ఉంటాడు, వంటా అక్కడే. ఇక్కడి తాయన్నన్‌కుడిలో కనుమరుగవుతున్న రాగి రకాలను అటవీశాఖ తోడ్పాటుతో మళ్లీ సాగులోకి తెచ్చారు.

పొళ్లాచ్చి నుంచి సేతుమడై, టాప్‌స్లిప్‌ మీదుగా వెళ్తే పరంబికుళం. కేరళ అడవే అయినా రోడ్డు మాత్రం తమిళనాడు నుంచే. గుడారాల్లో, చెట్టు మీది గుడిసెల్లో బస ఉంటుంది. కాడర్‌, మలసర్‌ యువకులు దారి చూపిస్తారు.

ఒక్క పూట చాలనుకునేవారికి కోయంబత్తూరు జిల్లా కారమడై అటవీ రేంజిలోని పరళిక్కాడు ఉంది. పిల్లూరు జలాశయంలో పుట్టి ఎక్కించి తిప్పేదీ, మధ్యాహ్నం భోజనం వండి వడ్డించేదీ ఇరుళ గిరిజనులే. మన మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి నడిపే జంగిల్‌ స్టార్‌ శిబిరం చూసినవారికి ఈ పద్ధతి అర్థమవుతుంది.

తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరు 24న ‘ట్రెక్‌ తమిళనాడు’ పథకం ప్రారంభించింది. 14 జిల్లాల్లో 40 దారులు ఎంపిక చేసి, గిరిజన, స్థానిక యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చింది. కోయంబత్తూరు వైపు చాడివయల్‌-సిరువాణి, ఇరుళ గూడెమైన సెంబుక్కరై నుంచి పెరుమాళ్‌ముడి, తేని వైపు కురంగణి-సాంబలారు ఇందులో ఉన్నాయి. ఇవి ఎక్కువగా ఒక రోజు నడకలే. గూడెంలో రాత్రి బస వీటిలో భాగం కాదు. 23 మంది ప్రాణాలు పోయిన కురంగణిలోనే ఇప్పుడు స్థానికులు ముందు నడిస్తే, వచ్చినవాళ్లు వెనక నడుస్తున్నారు.

గూడెం లాడ్జి కాదు

ముదువన్ల కుడిలో పెళ్లికాని కుర్రాళ్లు పడుకునేందుకు చావడి ఉంటుంది. దారిన వచ్చిన కొత్తవాళ్లకూ అదే బస. మన పల్లెల్లో రచ్చబండ, చావడి ఉన్నట్టే అన్నమాట. అతిథిని ఆదరించడం వాళ్లకు టూరిజం నేర్పిన విద్య కాదు. కానీ చావడిలో చోటిచ్చినంత మాత్రాన ఇల్లంతా చూపించాలని లేదు.

థాయ్‌లాండ్‌లో మెడకు ఇత్తడి కడ్డీలు చుట్టుకునే కయన్‌ మహిళలను చూడటానికి టిక్కెట్లు పెట్టడం ఏనాటి నుంచో విమర్శలపాలైంది. మన అండమాన్‌లో జారవాలతో పర్యాటకుల కోసం డాన్సు చేయించిన వీడియో 2012లో బయటపడి దేశం తలదించుకుంది. మనిషిని చూసేందుకు డబ్బు కట్టడం వేరు, మనిషి పనికి కూలి కట్టడం వేరు. ఈ తేడా తెలియకుండా కొండెక్కితే యాత్ర కాదు, తమాషా.

కొండ మీద ఇంకా తేలని లెక్కలున్నాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా, కోర్టు కేసుతో తమిళనాడులో పట్టాల పంపిణీ ఏళ్ల తరబడి ఆగింది. 2016లో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. 2019 ఆగస్టు వానలకు వాల్పారై దగ్గరి కళ్లార్‌ కాడర్‌ గూడెం దెబ్బతింటే, ఆ కుటుంబాలు క్షేమమనుకున్న తెప్పకుళమేడుకు మారాయి. అటవీశాఖ ఒప్పుకోలేదు. పోరాడగా పోరాడగా 2021లో అక్కడే పట్టాలు దక్కాయి. టిక్కెట్టు కొన్న మనం ఒక రాత్రి నిద్రపోయే అడవిలో, తరతరాలుగా ఉన్నవాళ్లు గుడిసె వేసుకోవడానికి రెండేళ్లు తిరగాల్సి వచ్చింది. నడక రుసుములో గైడు చేతికి ఎంత చేరుతోంది, దారి ఎంపికలో గూడెం పెద్దల మాట చెల్లుతోందా అని వెళ్లేవాళ్లు అడగాలి. అడిగేవాళ్లుంటేనే చెప్పేవాళ్లుంటారు.

వెళ్లాలనుకుంటే...

* చిత్తూరు వైపు వారికి కాట్పాడి అనువు. చెన్నై సెంట్రల్‌-బోడినాయకనూరు ఎక్స్‌ప్రెస్‌ 2023 జూన్‌ నుంచి కాట్పాడి మీదుగా నడుస్తోంది. కోయంబత్తూరుకూ ఇక్కడి నుంచి రైళ్లున్నాయి.
* అటవీశాఖ బుకింగ్‌ ఉంటేనే బయల్దేరాలి. పేరులేని ఏజెంట్లు, ‘మాకు తెలిసిన దారి’ అనే స్నేహితులు వద్దు.
* అడవికి నిప్పు భయం ఉండే నెలల్లో దారులు మూసేస్తారు. తమిళనాడులో 2025లో ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్‌ నడుమ దాకా నడకలు ఆపేశారు. ‘ఇప్పుడు తెరిచారా’ అని ముందే కనుక్కోవాలి.
* సిగరెట్‌, అగ్గిపెట్టె, మద్యం ఇంట్లోనే వదిలేయాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ తిరిగి తేవాలి.
* గూడెంలో అడగకుండా ఫొటో తీయకూడదు. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచే అలవాటు మానాలి. ఇవ్వాలనుంటే గూడెం కమిటీకి ఇవ్వొచ్చు, లేదా వాళ్లు అమ్మే తేనె, రాగులు అడిగిన ధరకు కొనొచ్చు.
* గైడు ఆగమంటే ఆగాలి, వెనక్కి అంటే వెనక్కి. శిఖరం ఎక్కడికీ పోదు.