పెళ్ళి క్యాసెట్టు పాడుకాకముందే

మన ఇళ్ళల్లో బీరువా పై అరలోనో, పాత ట్రంకుపెట్టెలోనో ఒక వీడియో క్యాసెట్టు ఉండే ఉంటుంది. 1980లలో, 1990లలో జరిగిన పెళ్ళిళ్ళు, గృహప్రవేశములు, పిల్లల పుట్టినరోజులు వాటిలో ఉన్నవి. నేడు మన మధ్య లేని అమ్మమ్మలు, తాతయ్యలు అందులో నడుస్తారు, నవ్వుతారు, పేరు పెట్టి పిలుస్తారు. ఫోటోలో ఆ గొంతు వినబడదు గదా! గనుక ఆ క్యాసెట్టును ఎలా కాపాడుకోవాలో ఈ నెల కొంచెము ఆలోచిద్దాము.

ఆలస్యము ఎందుకు వద్దు?

ప్లాస్టిక్కు రిబ్బను మీద అయస్కాంతపు పొడిని జిగురుతో అంటించినదే టేపు. వేడికి, తేమకు ఆ జిగురు సడలుతుంది, బూజు పడుతుంది. పైగా దానిని ఆడించే వి.సి.ఆర్.లు కూడ అరుదైపోయాయి. చివరి వరకు వాటిని తయారు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానివేసింది. పనిచేసే వి.సి.ఆర్. దొరికితే, క్యాప్చర్ పరికరముతో దానిని కంప్యూటరుకు కలిపి ఫైలుగా ఎక్కించుకోవచ్చును. స్టూడియోకు ఇస్తే, ఎక్కువ కుదించకుండ మంచి నాణ్యతగల ఫైలు ఇమ్మని ముందుగానే అడగండి.

అంత పెద్ద ఫైలు ఎందుకు?

మన టి.వి. పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేములో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. చుక్కకు 3 బైట్ల చొప్పున లెక్క వేస్తే గంటకు సుమారు 112 జి.బి. అవుతుంది! అందుకే కుదించడము అవసరము. పెళ్ళి పందిరిలో వెనుక తెర కదలదు. దానిని ఒక్కసారి వ్రాసుకొని, తరువాతి ఫ్రేములలో మారినది మాత్రమే వ్రాస్తారు. కంటికి అంతగా తెలియని సూక్ష్మ వివరాలను వదలివేస్తారు. 2003లో వెలువడిన హెచ్.264 అనే పద్ధతి ఇదే చేస్తుంది. గంట టేపు దాదాపు ఒకటి రెండు జి.బి.లలో ఇమిడిపోతుంది.

ఉచితముగా దొరికే సాధనము

దీనికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరు 2003 నుండి ఉన్నది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోను ఉచితముగా పనిచేస్తుంది. దాని సొంత వెబ్‌సైటు నుండే దించుకోండి. ఇతర చోట్ల నకిలీలుండవచ్చును.

ఫైలును తెరచి, ఎం.పి.4 రూపము, హెచ్.264 ఎంచుకోండి. నాణ్యత సూచించే ఆర్.ఎఫ్. అంకెను పాత టేపులకు 18 నుండి 22 మధ్య ఉంచండి. అంకె తగ్గితే నాణ్యత, సైజు రెండును పెరుగుతాయి. కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళవంటి గీతలు కనబడితే డీఇంటర్లేస్ ఫిల్టరు పెట్టండి. చిత్రము కొలత పెంచకండి. లేని వివరము దానివలన రాదు. ముందు ఒక నిమిషము మాత్రమే కుదించి, బొమ్మ, శబ్దము సరిచూచుకొని, ఆపై పూర్తిగా చేయండి.

మరువకూడని మాట

కుదించినప్పుడు పోయిన వివరము మరల రాదు. కుదించినదానిని మళ్ళీ కుదిస్తే ఇంకా పోతుంది. గనుక టేపు నుండి మొదట ఎక్కించిన పెద్ద ఫైలును చెరపకండి. చిన్న ఫైలు కావలసినప్పుడెల్లా దాని నుండే చేసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మరల కుదిస్తుంది. అమెరికాలోని అబ్బాయికైనా, పొరుగూరి అక్కయ్యకైనా డాక్యుమెంటుగా పంపండి. పెద్ద ఫైలు ప్రతి ఒకటి మీ హార్డ్ డిస్కులో, మరొకటి తోబుట్టువుల ఇంట ఉంచండి. క్యాసెట్టును కూడ అప్పుడే పారవేయకండి.

ఒక్క పని మాత్రము ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. ఆ పందిరిలో వడ్డిస్తున్నది ఏ పిన్నిగారో, మూలన కూర్చున్న పెద్దాయన ఎవరి మామగారో ఇంట్లో పెద్దవారికే తెలుసు. ఒక ఆదివారము సాయంకాలము వారి ప్రక్కన కూర్చొని ఆ వీడియో చూడండి. ఏ నిమిషములో ఎవరు కనబడుతున్నారో అడిగి, పేర్లు ఒక కాగితము మీద వ్రాసి పెట్టుకోండి. వారు చెప్పగలిగిన దినములలోనే ఈ పని జరగాలి.