అడవినాభి: అందము పూవులో, అపాయము దుంపలో

తొలకరి వానలు పడిన పిమ్మట కంచెల మీదను, తుప్పలలోను, అడవుల అంచులను ఒక పచ్చని తీగ పైకి ప్రాకును. వర్షకాలము ముదిరిన కొలది దానికి నిప్పుమంటల వంటి పూలు పూయును. ఇదియే అడవినాభి. సంస్కృతమున దీనికి అగ్నిశిఖ, లాంగలి అను పేర్లు గలవు. 1753లో లిన్నేయస్ దీనికి గ్లోరియోసా సుపర్బా అని శాస్త్రీయ నామము నొసగెను. పొరుగున ఉన్న తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పము.

ఈ మొక్కను గుర్తించుట సులభము. ఆకు కొన సన్నని నులితీగగా మారి, దొరికిన ఆధారమును చుట్టుకొనును. పూవునకు ఆరు రేకులుండును. వాటి అంచులు అలలవలె ముడుతలు పడి, రేకులు వెనుకకు మడచుకొని పైకి నిలుచును. మొదట పసుపుపచ్చగా నున్న రేకులు క్రమముగా ఎరుపెక్కును. కేసరములు ఆరు. కీలము మొదటనే ప్రక్కకు వంగియుండును. కాయ ఎండి మూడు చెక్కలుగా విచ్చగా, లోపల ఎఱ్ఱని గింజలు కనిపించును.

వానలు వెనుకపట్టిన తరువాత తీగ ఎండిపోవును గాని మొక్క చావదు. నాగలివలె వంగిన దుంప భూమిలో నిలిచి, మరుసటి తొలకరికి చిగుర్చును. లాంగలి యనగా నాగలికి సంబంధించినదని అర్థము.

ఆ దుంపయందే అపాయమున్నది. మొక్క యంతటను, ముఖ్యముగా దుంపలోను గింజలలోను, కోల్చిసిన్ అను విషపదార్థము గలదు. కొందరు దీనిని తినదగిన దుంపగా పొరబడుట కలదు. ఉడికించినంత మాత్రమున విషము పోదు. తిన్న కొన్ని గంటలకు గాని వాంతులు, విరేచనములు మొదలు కాకపోవచ్చును. కావున లక్షణముల కొఱకు వేచియుండక, నాటు చికిత్సలు చేయక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. తిన్న దుంప ముక్కను కూడ తీసికొనిపోయిన వైద్యునకు గుర్తింపు సులభమగును.

ఈ కోల్చిసిన్‌నే వైద్యులు మితమైన మోతాదులో గౌట్ అను కీళ్లవ్యాధికి వాడుదురు. అందుచేత గింజలకును దుంపలకును గిరాకి యున్నది. తమిళనాడులో రైతులు గింజల కొఱకే దీనిని సాగుచేయుచున్నారు. అడవిలో దుంపను త్రవ్వినచో మరుసటి ఏడు మొలచుటకు మొక్కయే మిగులదు.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి యిది. పాఠశాలల, అంగన్‌వాడీల ఆవరణలలో ఈ తీగ యున్నచో చేతులకు తొడుగులు ధరించి దుంపతో సహా తీయించవలెను. విషమున్నదని ఊరంతట పెరికివేయ నక్కరలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడవలెను. ప్రజా జీవవైవిధ్య రిజిష్టరు వ్రాయునపుడు ఈ మొక్క ఎచ్చట నున్నదో, ఊరివారు దానిని ఏ పేర పిలుతురో, దాని అపాయమేమో అందు చేర్చవలెను. పూలు కనబడు మాసములలోనే చూచి వ్రాసికొనుట మేలు. వేసవిలో వెదకిన తీగ కానరాదు.